అమ్మ పోయిన ఎనిమిది నెలలకు పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడవవచ్చునా?

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరులో మీ అమ్మగారు పోయి ఎనిమిది నెలలైంది. సియాటిల్ నుండి మీరు చేరేసరికి దహనం అయిపోయింది. ఆ తరువాత, తల్లి పోయాక పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మీద తాను ఒంటరిగా నడిచిన కథను షెరిల్ స్ట్రేడ్ రాసుకున్న ‘వైల్డ్’ చదివి, వచ్చే ఏప్రిల్‌లో ఉద్యోగం మానేసి మెక్సికో సరిహద్దు నుండి కెనడా సరిహద్దు దాకా అమెరికా పడమటి కొండల మీదుగా పోయే ఆ కాలిదారి (పీసీటీ) మొత్తం ఒంటరిగా నడవాలనుకుంటున్నారు. నడిస్తే ఈ బాధ తగ్గుతుందా, ఏ విధంగా సిద్ధం కావాలి, అమ్మగారి అస్థికలలో మీ దగ్గర మిగిలిన కొంచెం వెంట తీసుకువెళ్లవచ్చునా అని అడిగారు. నేను పదిహేనేళ్లకు పైగా శాక్రమెంటో నుండి సియెర్రా కొండలకు వెళ్లి నడుస్తున్నవాడిని, మా నాన్నగారు పోయిన మరుసటి ఏడు అదే దారిలో 700 మైళ్లు నడిచినవాడిని కాబట్టి, మూడింటికీ నాకు తెలిసినంత చెబుతాను. ముందే ఒక మాట: వచ్చే ఏప్రిల్ వద్దు.

ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే, మీరు చదివిన పుస్తకంలోని తేదీలనే మరొకసారి చూడమని అడుగుతాను. స్ట్రేడ్ తల్లి ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1991లో, 45వ ఏట పోయారు. ఆవిడ నడక మొదలుపెట్టింది 1995 వేసవిలో. అంటే మధ్యలో నాలుగేళ్లు ఉన్నాయి. ఆ నాలుగేళ్లలో పెళ్లి విడిపోవడం, మత్తుమందుల జోలికి పోవడం అన్నీ ఉన్నాయి. మొజావే ఎడారి నుండి కొలంబియా నది మీది బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్ దాకా ఆవిడ నడిచింది సుమారు 1,100 మైళ్లు, మూడు నెలలకు కొంచెం ఎక్కువ కాలం. మొత్తం దారి 2,650 మైళ్లు కాగా అందులో సగం కూడా కాదు; పైగా ఆ ఏడు మంచు విపరీతంగా పడినందువల్ల సియెర్రాలోని ఎత్తయిన భాగాన్ని వదిలేసి, బస్సులో చుట్టూ తిరిగి, ఉత్తరాన మళ్లీ దారి పట్టారు. ఇక పుస్తకం వెలువడింది 2012లో. నడక ముగిసిన పదిహేడేళ్లకు, రెండో పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక రాసిన పుస్తకం అది. చదివేటప్పుడు మనకు కలిగే ఆ ఊరట మూడు నెలల నడక ఇచ్చినది అనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే దాని వెనక ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాయి. ఇది పుస్తకానికి వంక పెట్టడం కాదు, నాకు ఇష్టమైన పుస్తకమే. కానీ దానిని మందుల చీటీగా చదివి, ఎనిమిది నెలల పచ్చి గాయంతో అయిదు నెలల దారికి బయలుదేరడం వేరు సంగతి.

దుఃఖంతో నడిచినవాళ్లలో నాకు అంతకన్నా ఎక్కువగా గుర్తొచ్చే మనిషి ఎర్ల్ షాఫర్. తూర్పున ఉన్న అపలాచియన్ ట్రెయిల్‌ను ఒకే ఏడాదిలో ఆసాంతం నడిచానని ప్రకటించిన మొదటి వ్యక్తి ఆయనే, 1948లో. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసి వచ్చాడు. కలిసి ఆ దారి నడవాలనుకున్న బాల్యమిత్రుడు ఇవో జిమా యుద్ధంలో చనిపోయాడు. యుద్ధాన్ని ఒంట్లోంచి నడిచి వదిలించుకోవడానికే బయలుదేరానని తరువాత చెప్పుకున్నాడు. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆయన 1965లో ఉత్తరం నుండి దక్షిణానికి మళ్లీ అదే దారి నడిచాడు. 1998లో, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, మూడోసారి నడిచాడు. ఒక్కసారితో వదిలిపోయేదే అయితే మూడుసార్లు దేనికి? నడవడమంటే ఇష్టం కూడా ఉండవచ్చు, కాదనను. కానీ ఆ మూడు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా, ఆయన అక్కడికి దేన్నో వదిలించుకోవడానికి కాక పలకరించడానికి వెళ్లినట్టు నాకు తోస్తుంది.

నా సంగతి చెబుతాను. మా నాన్నగారు కొవ్వూరులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2021 మే నెలలో, కోవిడ్ రెండో విడతలో పోయారు. ఆ నెల 4వ తేదీ నుండి ఇండియాలో ఉన్న వీసాదారులను అమెరికా చాలావరకు రానివ్వలేదు. వెళితే ఎప్పుడు తిరిగి రాగలనో తెలియదు, ఇక్కడ చిన్న పిల్లలు. వెళ్లలేదు. రాత్రి పదిన్నరకు గ్యారేజీలో కారులో కూర్చుని ఫోనులో దహనం చూశాను. తమ్ముడు కుండతో తిరుగుతుండగా తెర మీద బొమ్మ ఆగిపోయింది. ఫోను పట్టుకున్న బావ చెయ్యి వంగిందేమో, నాలుగు నిమిషాలసేపు ఎవరిదో నీలం రంగు హవాయి చెప్పు, పక్కన కొంచెం తడి నేల, అంతే కనబడ్డాయి. బొమ్మ కదిలేసరికి అంతా అయిపోయింది. మీరు దహనానికి అందుకోలేకపోయానని రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఆ చెప్పే కళ్ల ముందుకు వచ్చింది.

మరుసటి ఏటికి గ్రీన్ కార్డు వచ్చింది గనుక ధైర్యంగా ఏడు వారాలు జీతం లేని సెలవు పెట్టి, 2022 వసంతంలో మెక్సికో సరిహద్దున ఉన్న క్యాంపో దగ్గర మొదలుపెట్టి సియెర్రా కొండల దక్షిణపు అంచున ఉన్న కెన్నెడీ మెడోస్ దాకా వెళ్లాను. నడకలో అంతటి అనుభవం ఉన్నవాడిని కదా, ఏమీ కాదనుకున్నాను. మొదటి వారంలోనే చేసిన తప్పు వినండి. 77వ మైలు దగ్గర సిజర్స్ క్రాసింగ్ అనే కూడలి ఉంది. అక్కడి నుండి బ్యారెల్ స్ప్రింగ్ దాకా దాదాపు 24 మైళ్లు నమ్మదగ్గ నీళ్లు లేవు. మధ్యలో స్వచ్ఛందంగా ఎవరో నీటి డబ్బాలు పెడుతుంటారు గానీ వాటిని నమ్ముకుని బయలుదేరకూడదన్నది అందరూ చెప్పే మాట. ముందు రాత్రి దగ్గరలోని జూలియన్ అనే ఊళ్లో బస చేశాను. పొద్దున గదిలో కుళాయి దగ్గర ఆరు లీటర్లు పట్టాలి. నాన్నగారు చివరిసారి చేసినప్పుడు నేను మీటింగులో ఉండి ఎత్తని ఫోను గురించి ఆలోచిస్తూ, రెండు సీసాలు నింపి, మిగతా నాలుగూ ఖాళీవే సంచిలో సర్దేశాను. లీటరు నీళ్లంటే కిలో బరువు. నాలుగు కిలోల తేడా భుజాలకు తెలియాలి కదా? తెలిసింది, ఈ రోజు సంచి హాయిగా ఉందే అని సంతోషించాను కూడా. అయిదు మైళ్లు ఎక్కాక, తొమ్మిదింటి ఎండలో, రెండో సీసా మూత తీసినప్పుడు గాని నాకు తెలివి రాలేదు. వెనక్కి దిగి, రోడ్డు మీద నిలబడి, ఎవరి కారో ఎక్కి మళ్లీ జూలియన్ వెళ్లాను.

శోకంలో ఉన్న మనిషికి కాళ్లు సరిగానే పనిచేస్తాయి, పరధ్యానమే ప్రమాదం. ఎడారిలో నీళ్ల లెక్క, సియెర్రాలో వాగులు దాటే వేళ — మంచు కరిగి మధ్యాహ్నానికి వాగు పొంగుతుంది గనుక పొద్దున్నే దాటాలి — రాత్రి చలికి గడ్డకడితే నీటి ఫిల్టరు పాడైపోతుంది గనుక దానిని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోవడం, ఇలాంటి చిన్న చిన్న జాగ్రత్తలు రోజుకు ఇరవై ఉంటాయి, వాటిలో ఏ ఒక్కటీ కష్టమైనది కాదు. కానీ పప్పు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నానని మీరే రాశారు. ఆ మరుపు తగ్గేదాకా ఒంటరిగా, ఫోను అందని చోట, వారాల తరబడి ఉండవద్దు.

ఉద్యోగం మానే ఆలోచన గురించి కూడా గట్టిగానే చెప్పాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నానన్నారు. ఉద్యోగం ఆగిన నాటి నుండి మీకు దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. పీసీటీ మొత్తానికి అయిదు నెలలు పడుతుంది. జీతం లేని సెలవు అడగడం మేలు, అది కూడా కంపెనీ లాయరును అడిగి కాగితం మీద రాయించుకున్నాకే. దక్షిణపు చివర నుండి బయలుదేరేవారికి వసంతంలో రోజుకు 50 పర్మిట్లే ఇస్తారు కాబట్టి అనుకోగానే దొరికేది కూడా కాదు. ఉత్తరపు చివర కాలినడకన కెనడాలో అడుగు పెట్టడానికి గతంలో ఇచ్చే అనుమతి 2025 నుండి లేదు. సరిహద్దు స్తంభాన్ని ముట్టుకుని 30 మైళ్లు వెనక్కి నడవవలసిందే. వీసా మీద ఉన్నవాళ్లం ఆ గీత దగ్గర పొరపాటు చేయకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: బాధ తగ్గుతుందా? నాకు తగ్గలేదు. వేళకు రావడం నేర్చుకుంది. ఇంట్లో ఉన్నప్పుడు పళ్లు తోముకుంటూ ఉండగానో, ఆఫీసు కాల్ మధ్యలోనో విరుచుకుపడేది. దారిలో పడ్డ రెండు మూడు వారాలకు నాకు తెలిసినదేమిటంటే, ఎక్కేటప్పుడు అది రాదు; ఊపిరికే చాలదు, ఇక దుఃఖానికి చోటెక్కడ? దిగేటప్పుడు మోకాళ్ల మీద ధ్యాస. చదునైన నేల మీద, నీడ పట్టున, దారి సులువుగా ఉన్నప్పుడు వస్తుంది. వచ్చి ఒక గంట ఉంటుంది. చుట్టుపక్కల ఎవరూ లేరు గనుక కళ్లు తుడుచుకోవలసిన పని కూడా లేదు. తరువాత నీళ్లు వెతకాలి, డేరా వేయాలి, వండుకోవాలి; చీకటి పడేసరికి ఒళ్లు తెలియని నిద్ర.

మన ఇళ్లలో పన్నెండు రోజులు చేసేది ఇదే కాదూ అనిపించింది నాకు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, తడిబట్టలతో వంట, పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూపు, మధ్యాహ్నం నుండి పరామర్శకు వచ్చేవాళ్లు. ప్రతి ఒక్కరూ ‘ఎలా జరిగింది?’ అని అడగడం, మొదటి నుండి మళ్లీ చెప్పడం. చిన్నప్పుడు అదంతా హింస అనుకునేవాడిని. ఇక్కడ మనకు దొరికేది మూడు రోజుల సెలవు, ఒక పూలగుత్తి, ఒక ఈమెయిలు. ఒంటికి పని లేదు, నోటికి పలకరించే మనిషి లేడు. ట్రెయిల్ మీద ఆ రెండూ దొరికాయి. మజిలీ దగ్గర కలిసినవాళ్లు రెండో ప్రశ్నగా ‘ఎందుకు నడుస్తున్నావు?’ అని అడుగుతారు, జవాబు వినేదాకా లేవరు. భార్య పోయిన ఒక పెద్దాయన ఆరెగాన్ నుండి వచ్చి నడుస్తూ ఒక సాయంత్రం నాతో కూర్చున్నాడు. మా నాన్నగారు నేను హాస్టల్ నుండి రాసిన ఉత్తరాలలో తప్పులు ఎర్ర సిరాతో దిద్ది, కింద మార్కులు వేసి, అదే కవరులో తిరిగి పంపేవారని చెబితే, ‘ఎన్ని వచ్చేవి?’ అని అడిగాడు. పదికి ఆరు దాటలేదని చెప్పాను. ఏడాదిలో నాన్నగారి గురించి నన్ను ఎవరైనా అడిగిన మొదటి అసలైన ప్రశ్న అది.

అందుకే మీకు నా సలహా ఇది. వచ్చే ఏప్రిల్‌లో, సెలవు దొరికితే, ఇంటికి వెళ్లండి. అమ్మగారి వీధిలో వాళ్ల దగ్గర కూర్చోండి, ఎలా జరిగిందో వాళ్లను చెప్పనివ్వండి. సంవత్సరీకం ఉంటుంది గదా, దానికి తప్పకుండా ఉండండి. ఆ తరువాత వచ్చే ఆగస్టు, సెప్టెంబరులలో అయిదారు రోజుల నడక ఒకటి పెట్టుకోండి, తోడుతో. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ ఉద్యానంలో ఉన్న టువాలమీ మెడోస్ నుండి దక్షిణానికి వెళ్లే భాగాన్ని నేను చెబుతాను: పీసీటీ, జాన్ మ్యూర్ ట్రెయిల్ రెండూ కలిసి సాగే చోటు, మొదటి రోజంతా లయెల్ కాన్యన్‌లో వాగు పక్కన చదునుగా నడక. పర్మిటుకు నెలల ముందే లాటరీ వేయాలి. అది బాగా గడిస్తే మరుసటి ఏడు మరి కొంచెం. మొత్తం దారి ఎక్కడికీ పోదు. నాకైతే 2023లో సియెర్రాలో రికార్డు స్థాయి మంచు పడి ఆ ఏడు వెళ్లడమే కుదరలేదు.

సరంజామా గురించి ఒక్కటే చెబుతాను, మిగతావి ఏ దుకాణంలోనైనా చెబుతారు. బూట్లు మీ కొలత కన్నా అర సైజు, వీలైతే ఒక సైజు పెద్దవి కొనండి. రోజంతా నడిస్తే పాదాలు ఉబ్బుతాయి. మీరు చదివిన పుస్తకంలో ఆవిడ కాలి గోళ్లు ఊడిపోయింది ఇరుకు బూట్ల వల్లనే. ఆవిడ మోసిన సంచి బరువు కూడా ఆదర్శంగా తీసుకోవద్దు.

ఇంకొక సంగతి, దాటవేయకుండా చదవండి. ఏడాది దాటాక కూడా తీవ్రత తగ్గకుండా రోజువారీ బతుకును ఆపేసే దుఃఖాన్ని మానసిక వైద్యులు 2022 నుండి ఒక ప్రత్యేకమైన రుగ్మతగా గుర్తిస్తున్నారు, దానికి చికిత్స ఉంది. ఎనిమిది నెలలకు ఏడుపు రావడం ఆ కోవలోకి రాదు. కానీ ‘అక్కడే ఎక్కడైనా ఉండిపోయినా ఫరవాలేదు’ అని మీరు ఉత్తరం మధ్యలో రాసిన వాక్యం నేను రెండుసార్లు చదివాను. అది మాటవరసకు రాసినదైతే సంతోషం. కాకపోతే కొండకన్నా ముందు డాక్టరు. అమెరికాలో ఇలాంటి ఆలోచనలు వచ్చినవారి కోసం ఉన్న 988కి ఏ వేళప్పుడైనా ఫోను చేయవచ్చు, ఇండియాలో ఇంటి దగ్గర ఉన్నప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ (14416) ఉంది, తెలుగులో మాట్లాడతారు.

చివరిది అస్థికల విషయం. జాతీయ ఉద్యానాలలో వాటిని వెదజల్లాలంటే పార్కువారి అనుమతి ఉండాలి, లేదా వారు పెట్టిన షరతులకు లోబడి ఉండాలి. నీళ్లకు, దారికి, మజిలీలకు దూరంగా అన్నవి మామూలుగా ఉండే షరతులు. వాగులో కలపడం గోదావరిలో కలిపినట్టు కాదు, కింద ఎవరో తాగే నీళ్లవి. ముందుగా పార్కుకు రాసి అడగండి. మా నాన్నగారివి తమ్ముడు కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గరే కలిపేశాడు, నా దగ్గర ఏమీ లేవు. 2024 సెప్టెంబరు చివర, మహాలయ పక్షంలో ఆయన తిథి నాడు నేను లయెల్ వాగు పుట్టే చోట, డోనహ్యూ కనుమకు కింద ఉన్నాను. 9,600 అడుగుల పైన అక్కడ నేల మీద మంట వేయకూడదు, దీపం పెట్టే ఆశ కూడా లేదు. గ్యాసు స్టవ్ మీద అన్నం వండి, కందిపొడి కలిపి, గిన్నె బండ మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా పొట్టి పైను చెట్టు మీద క్లార్క్స్ నట్‌క్రాకర్ ఒకటి వచ్చి వాలింది. బూడిదరంగు ఒళ్లు, నల్ల రెక్కలు, కాకి గొంతు. కాకి కుటుంబపు పక్షే. ఆ నెలల్లో అది పైను గింజలు ఏరి వేలకొద్దీ నేలలో దాచుకుంటుంది, చలికాలమంతా మంచు కింద తవ్వుకుని తింటుంది. మెడ ఒకవైపు వంచి నన్నూ, గిన్నెనూ మార్చి మార్చి చూసింది.

అక్కడ అడవి ప్రాణులకు తిండి పెట్టడం నిషిద్ధం. ఒక్క ముద్ద ఆ బండ మీద ఉంచితే ఎవరూ చూడరు. పదికి ఆరు మార్కులు వేసిన మనిషి తిథి గనుక ఉంచలేదు. అన్నమంతా నేనే తిన్నాను, అది చూస్తూనే ఉంది. తరువాత గిన్నె తుడిచి, కందిపొడి సీసాను ఎలుగుబంట్లు తెరవలేని డబ్బా, బేర్ క్యానిస్టర్‌లో పెట్టి మూత బిగించి, కనుమ ఎక్కడం మొదలుపెట్టాను.